తప్పు క్లచ్‌దా, పెట్రోలుదా? చైన్ సా మరమ్మతుపై రాయ్‌పూర్ నుంచి ఒక సమీక్ష

చైన్ సా మొరాయించిందని షాపుకు తెచ్చేవాళ్ల ఫిర్యాదులు రెండు రకాలు. ఇంజను స్టార్ట్ కావడం లేదు, లేదా స్టార్ట్ అయినా నిలవడం లేదు అన్నది ఒకటి. ఇంజను బాగానే ఉంది గానీ గొలుసు మాట వినడం లేదన్నది రెండోది: రేసు వదిలినా తిరుగుతూనే ఉంటుంది, లేదా దుంగలో పెట్టగానే ఆగిపోతుంది. మొదటిదానికి కార్బురేటర్ మార్చడం, రెండోదానికి క్లచ్ మార్చడం మన మరమ్మతు షాపుల్లో పాతుకుపోయిన పద్ధతి. తయారీదారుల మాన్యువళ్లు చెప్పేది, మెకానిక్‌లు చేసేది, ఈ మధ్య పెట్రోలులో వచ్చిన మార్పు, ఈ మూడింటినీ కలిపి చూస్తే ఆ పద్ధతి తలకిందులని తెలుస్తుంది. రెండు జబ్బులకూ వేరు చాలాసార్లు ఒకచోటే ఉంటుంది. నిల్వ పెట్రోలును, మొద్దుబారిన గొలుసును పట్టించుకోకుండా విడిభాగాలు మార్చినంత కాలం అదే జబ్బు తిరిగి వస్తూనే ఉంటుంది.

ఇక్కడి ఏడాది తీరు

2021 అటవీ సర్వే నివేదిక ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో అడవి విస్తీర్ణం 55,717 చదరపు కిలోమీటర్లు, అంటే రాష్ట్రంలో 41 శాతానికి పైనే. సాల్ (మన గుగ్గిలం చెట్టు), టేకు ఇక్కడి ప్రధాన కలప. అటవీ శాఖ వర్కింగ్ ప్లాన్ ప్రకారం కూపుల (నరుకుడుకు విడగొట్టిన అడవి భాగాల) వారీగా సాగే నరుకుడు వానలు వెళ్లాక మొదలై ఎండాకాలం దాకా నడుస్తుంది. నగరంలో యంత్రానికి ఇంకో పని ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఆంధీ (దుమ్ముతో వచ్చే ఈదురుగాలి) వస్తే చెట్లు రోడ్ల మీదా కరెంటు తీగల మీదా కూలతాయి. అప్పుడు నగరపాలక సంస్థ సిబ్బందికీ, లైన్‌మెన్‌కూ వెంటనే స్టార్ట్ అయ్యే రంపం కావాలి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా కూపుల పని ఆగుతుంది. గాలిలో తేమ అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ఆ నాలుగు నెలలూ యంత్రం మూలన పడి ఉంటుంది, తరచు ట్యాంకులో సగం పెట్రోలుతోనే. ఆ తర్వాత నవంబరులో తాడు లాగితే స్టార్ట్ కాదు. ఇక్కడ చైన్ సాలకు వచ్చే జబ్బుల్లో చాలా భాగం ఈ విరామంలోనే మొదలవుతుంది.

రాయ్‌పూర్ రైల్వే కాలనీల్లో, భిలాయ్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఇది పొరుగు సంగతి కాదు. 1931లో పూర్తయిన రాయ్‌పూర్–విజయనగరం రైలు మార్గానికి ఆ చివర ఉన్న ఉత్తరాంధ్రకూ ఈ యంత్రం అవసరం బాగా తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం తోటలను కూల్చినప్పుడు దారులు తెరిచింది ఈ రంపాలే. తుపాను రోజున స్టార్ట్ కాని రంపం ఉన్నా లేనట్టే.

యంత్రం లోపల ఏం జరుగుతుంది

జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ 1926లో కరెంటుతో నడిచే రంపం తయారుచేశారు, 1929లో పెట్రోలు రంపం తెచ్చారు. ఒక్క మనిషి ఎత్తి, ఏ కోణంలోనైనా తిప్పి కోయగల తేలిక యంత్రం రావడానికి డయాఫ్రమ్ కార్బురేటర్ తోడ్పడింది. పాత స్కూటర్ కార్బురేటర్లో ఫ్లోటు ఉండేది, బండి పక్కకు ఒరిగితే పెట్రోలు పొంగేది. చైన్ సాలో ఫ్లోటు ఉండదు, రెండు పల్చటి పొరలు ఉంటాయి. పిస్టన్ కదలికకు క్రాంక్‌కేసులో ఒకసారి ఒత్తిడి, ఒకసారి పీల్పు పుడతాయి. ఆ ఊపు సన్నని దారి గుండా వచ్చి మొదటి పొరను ఆడిస్తుంది, పంపు అదే. రెండో పొర ఇంజను పీల్చినప్పుడు లోపలికి వంగి చిన్న లివర్‌ను నొక్కుతుంది, సూది లేచి పెట్రోలు దిగుతుంది. ఈ పొరలు మెత్తగా ఉన్నంత వరకే ఇదంతా నడుస్తుంది. అవి బిరుసెక్కితే బయటికి ఏమీ కనబడదు గానీ యంత్రం పనిచేయదు.

క్లచ్ పని ఇంకా సూటిగా ఉంటుంది. క్రాంక్ చివర బిగించిన షూలు స్ప్రింగుల పట్టులో ముడుచుకుని ఉంటాయి. వేగం పెరిగితే విసురుకు బయటికి విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి, డ్రమ్ముతో పాటు పళ్లచక్రం, దాని మీది గొలుసు తిరుగుతాయి. మోడల్‌ను బట్టి మారినా, ఐడిల్‌లో ఇంజను నిమిషానికి సుమారు 2,500 నుంచి 3,000 చుట్లు తిరుగుతుంది. 3,500, 4,000 దాటే సరికి షూలు పట్టుకోవడం మొదలవుతుంది. పూర్తి రేసులో 12,000 నుంచి 14,000 దాకా వెళ్తుంది. ఐడిల్‌కూ క్లచ్ పట్టుకూ మధ్య ఉన్న ఎడం సుమారు వెయ్యి చుట్లే. పెట్రోలు వైపు చిన్న లోపంతో కూడా ఐడిల్ పెరిగి ఆ ఎడం మాయం కావచ్చు. అప్పుడు గొలుసు తిరుగుతుంది, నింద క్లచ్ మీద పడుతుంది.

పెట్రోలు మారింది, అలవాటు మారలేదు

దేశంలో 20 శాతం ఎథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది, 2025 నాటికి సగటు ఎథనాల్ మిశ్రమం 20 శాతానికి చేరింది. మిగులు బియ్యం నుంచి ఎథనాల్ తీయడానికి 2020లోనే అనుమతి వచ్చింది. వరి పండించే ఛత్తీస్‌గఢ్‌కు దానివల్ల లాభమే. ఆ విధానం మంచిచెడులు వేరే చర్చ. ఇక్కడి ప్రశ్న, పదేళ్ల కిందటి పెట్రోలుకు తయారైన రెండు స్ట్రోకుల చిన్న ఇంజను మీద దాని ప్రభావం ఏమిటన్నదే.

ప్రభావం మూడు విధాలు. మొదటిది గాలి పాలు. ఒక కిలో మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఎథనాల్‌కు 9 కిలోలు చాలు. ఈ20కి అది సుమారు 13.5. అంటే పాత పెట్రోలుకు సరిచేసిన మరలతో ఈ20 పోస్తే ఇంజనుకు అందే మిశ్రమం పలచనవుతుంది. రెండు స్ట్రోకుల ఇంజనును గాలితో పాటు పెట్రోలు కూడా చల్లబరుస్తుంది, దానిలోని నూనే జారుడిచ్చేది. మిశ్రమం పలచనైతే వేడి పెరుగుతుంది, చివరికి పిస్టన్ గీసుకుపోయి ఇంజను సీజ్ అవుతుంది.

రెండోది నీరు. ఎథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తక్కువ ఎథనాల్ ఉన్న పెట్రోలుకన్నా ఈ20 ఎక్కువ నీటిని తనలో కలుపుకోగలదన్న మాట నిజమే. అందుకే విడిపోవడం వెంటనే జరగదు. కానీ మూత సరిగ్గా లేని డబ్బాలో, సగం నిండిన ట్యాంకులో వానాకాలమంతా ఉంచి, చలి మొదలయ్యాక చూస్తే పరిస్థితి వేరు. హద్దు దాటిన నీరు ఎథనాల్‌ను వెంటబెట్టుకుని అడుగుకు దిగుతుంది. పెట్రోలులో కలిపిన 2టీ నూనె మాత్రం పైన పెట్రోలుతో ఉండిపోతుంది. ట్యాంకులో ఫిల్టరు బరువుతో అడుగునే కూర్చుంటుంది కాబట్టి అది మొదట పీల్చేది నూనె లేని ఆ నీళ్ల పొరనే.

మూడోది రబ్బరు. పాత మోడళ్ల గొట్టాలు, పొరలు ఎథనాల్‌కు ఉబ్బుతాయి, ఎండాక బిరుసెక్కుతాయి, పగుళ్లిస్తాయి. చేతితో మరలు సర్దే కార్బురేటర్ ఉన్న యంత్రాలకు 10 శాతం మించిన ఎథనాల్ ఇబ్బంది చేయవచ్చని పేరున్న కంపెనీల మాన్యువళ్లే చెబుతాయి. తనంతట తాను మిశ్రమం సర్దుకునే ఎలక్ట్రానిక్ కార్బురేటర్లు ఇంతకన్నా ఎక్కువ తట్టుకుంటాయి. మీ యంత్రం ఏ రకమో మాన్యువల్ చూసి తెలుసుకోవాలి.

డబ్బాలో ఎంత ఎథనాల్ ఉందో ఇంట్లోనే చూడొచ్చు. గీతలున్న 100 మిల్లీలీటర్ల గాజు గొట్టంలో 10 గీత దాకా నీళ్లు, 100 దాకా పెట్రోలు పోసి, మూత పెట్టి కుదిపి, నిలవనివ్వండి. ఎథనాల్ నీళ్లలోకి దిగి అడుగు పొర పెరుగుతుంది. పెట్రోలు ఈ20 అయితే ఆ పొర 28 దగ్గరికి వస్తుంది. పైన తేలిన పెట్రోలును మాత్రం యంత్రంలో పోయకూడదు. దానికి ఆక్టేన్ తగ్గి ఉంటుంది, కొంత తడి కూడా మిగిలి ఉంటుంది.

వీటన్నిటికీ చవకైన జవాబు ఒక్కటే: కలిపిన పెట్రోలును 30 రోజులకు మించి ఉంచకూడదు. పెద్ద కంపెనీల మాన్యువళ్లు చెప్పే గడువూ అదే. వారానికి సరిపడానే కలపండి, డబ్బా మీద తేదీ రాయండి.

ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా

ఇంజను పట్టనప్పుడు చవకది ముందు, ఖరీదైనది చివర చూడాలి. ముందు పాత పెట్రోలు పారబోసి తాజాది పోయాలి. తర్వాత ఎయిర్ ఫిల్టరు. సాల్ పొట్టు, బస్తర్ ఎర్రమట్టి దుమ్ము కలిస్తే ఫిల్టరు మూసుకుపోతుంది, మిశ్రమం చిక్కనై ప్లగ్గు నల్లబడుతుంది. సైలెన్సర్‌లోని జాలీకి మసి పట్టినా శక్తి పడిపోతుంది. ఆ తర్వాత ప్లగ్గు. నాలుగైదుసార్లు తాడు లాగి ప్లగ్గు విప్పితే, తడిగా ఉంటే పెట్రోలు ఓవర్ అయినట్టు, పొడిగా ఉంటే పెట్రోలు అందనట్టు. ఈ ఒక్క చూపు సగం దారి తగ్గిస్తుంది.

పొడిగా ఉంటే వంచిన తీగ కొక్కెంతో ట్యాంకు మూతి నుంచి ఫిల్టరును బయటికి లాగండి. దాన్ని కడగడం కన్నా కొత్తది వేయడమే మేలు, ఖర్చు స్వల్పం. గొట్టాన్ని వేళ్లతో వంచి చూడాలి, పగుళ్లు వంపులోనే కనబడతాయి. ఇంజను పది నిమిషాలు నడిచి ఆగి, మూత వదులు చేయగానే బుస్సుమని గాలి లోపలికి పోయి మళ్లీ స్టార్ట్ అయితే, ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట. కార్బురేటర్ ముట్టుకోనక్కర్లేని ఈ లోపానికి కార్బురేటర్లు మార్చినవాళ్లు తక్కువేమీ కాదు.

మే నెలలో 44 డిగ్రీల ఎండలో వచ్చే ఇంకో ఫిర్యాదు, వేడి మీద ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోవడం. ఇంజను ఆగాక గాలి వీయడం ఆగి, సిలిండరు వేడికి కార్బురేటర్లో పెట్రోలు ఆవిరవుతుంది. దీనికి నీడ, కాస్త ఓపిక తప్ప మందు లేదు. ఆపేముందు కొద్దిసేపు ఐడిల్‌లో నడిపితే చాలావరకు తప్పుతుంది. వేడి ట్యాంకు మూతను మాత్రం నెమ్మదిగానే తిప్పాలి. పెట్రోలు పోసిన చోటికి కనీసం మూడు మీటర్ల దూరం జరిగాకే స్టార్ట్ చేయాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే కార్బురేటర్ విప్పాలి. నాలుగు మరలు తీసి మీటరింగ్ పొరను వెలుతురుకు ఎత్తి చూడండి. మంచి పొర వేలు తగిలితే వంగుతుంది. చెడిన పొర చిన్న మడతలతో, నొక్కితే టిక్కుమనే బిరుసుతో ఉంటుంది. సూది, జాలీ, పొరలు కలిసిన కిట్టు వేస్తే చాలావరకు సరిపోతుంది.

మరలు సర్దే ముందు

ఎల్ మర ఐడిల్ దగ్గరి పెట్రోలును, హెచ్ మర పూర్తి రేసు దగ్గరి పెట్రోలును, ఎల్ఏ లేదా టీ మర ఐడిల్ వేగాన్ని చూస్తాయి. మొదట ఎల్, తర్వాత ఎల్ఏ, చివరికి హెచ్. ఎల్ఏ మరతో గొలుసు పూర్తిగా నిలిచేదాకా ఐడిల్ తగ్గించాలి. హెచ్ మరను శబ్దం పదునెక్కేదాకా మూసేయడం చాలామంది చేసే ప్రమాదం. ఆ పదునైన కూత పలచన మిశ్రమం గుర్తు. ఖాళీగా పూర్తి రేసు ఇచ్చినప్పుడు కాస్త గరగరలాడి, కలపలో పెట్టగానే తేటపడే శబ్దం క్షేమం. టాకోమీటరు ఉంటే ఊహతో పని లేదు, మాన్యువల్‌లోని గరిష్ఠ వేగానికి సరిచూడొచ్చు.

రాయ్‌పూర్‌లో ఇంకో లెక్కుంది. మే మధ్యాహ్నం 44 డిగ్రీల గాలికన్నా డిసెంబరు తెల్లవారి 12 డిగ్రీల గాలి సుమారు 11 శాతం చిక్కన. ఎండాకాలంలో సరిచేసిన యంత్రం చలికాలం పొద్దున పలచన మిశ్రమంతో నడుస్తుంది. కూపుల పని మొదలయ్యేదీ చలికాలంలోనే. సరిదిద్దడం కూడా అప్పుడే జరగాలి.

ఐడిల్ ఒకసారి పెరుగుతూ ఒకసారి తగ్గుతూ ఉంటే, ఎల్ఏ మర పూర్తిగా వదిలినా దిగకపోతే, ఎక్కడో గాలి లీకవుతోంది: కార్బురేటర్ వెనక రబ్బరు బూటు, క్రాంక్ సీళ్లు, ఊపు గొట్టం. మరలతో దాన్ని కప్పిపుచ్చితే పిస్టన్ పోతుంది. ప్రెషర్, వాక్యూమ్ పరీక్ష చేయగల షాపుకు తీసుకెళ్లడమే దారి.

క్లచ్: వేడి ఆనవాళ్లు

ఐడిల్‌లో గొలుసు కదులుతుంటే తప్పు ఎక్కడుందో చిన్న పరీక్షతో తేల్చవచ్చు. ఎల్ఏ మరను కొద్దికొద్దిగా వదలండి. ఇంజను నిలకడగా నడుస్తూనే గొలుసు ఆగితే క్లచ్‌లో లోపం లేదు. గొలుసు ఆగకముందే ఇంజను ఆరిపోతే స్ప్రింగు సాగిందో విరిగిందో, లేక డ్రమ్ము కింది నీడిల్ బేరింగు ఎండి పట్టేసిందో. స్ప్రింగు ఒకటే విరిగినా అన్నీ కలిపి మార్చాలి. లేకపోతే షూలు ఒకటి ముందు, ఒకటి వెనక పట్టి అదురు పుడుతుంది.

రేసు ఇచ్చినా గొలుసు తిరగకపోతే ముందు చైన్ బ్రేకు చూడాలి. బ్రేకు వేసి ఉండగా రేసు ఇవ్వడం క్లచ్‌ను కాల్చేసే అలవాట్లలో మొదటిది. రెండోది మొద్దు గొలుసు. పదునున్న గొలుసు రేకుల్లాంటి చెక్కులు రాలుస్తుంది, మొద్దుది పిండిలాంటి పొట్టు రాలుస్తుంది. పొట్టు మొదలైతే పనివాడు తెలియకుండానే రంపాన్ని కలపలోకి నొక్కుతాడు. ఇంజను వేగం పడిపోతుంది, షూలు పట్టూ విడుపూ కాక డ్రమ్ములో రాసుకుంటాయి. గట్టి సాల్ దుంగ మీద ఇలా కాసేపు నడిచినా చాలు.

కవరు విప్పిన డ్రమ్మును చూస్తే ఆ కథంతా కనబడుతుంది. బాగున్న డ్రమ్ము లోపల బూడిదరంగు మెరుపు ఉంటుంది. వేడెక్కినదానికి గోధుమరంగు, తర్వాత ఊదా, తర్వాత ముదురు నీలం వస్తాయి. నీలం దాకా వచ్చిన డ్రమ్ము చుట్టూ బ్రేకు పట్టీ కాలి ఉంటుంది, లోపలి నూనె పంపు ప్లాస్టిక్ గేరు కరిగి ఉండవచ్చు. గొలుసుకు నూనె అందకపోవడానికి కారణం ఒక్కోసారి ఇదే. పళ్లచక్రం మీద గొలుసు చేసిన గాడి అర మిల్లీమీటరు దాటితే చక్రం మార్చాలి. రెండు గొలుసులు అరిగే సరికి చక్రం కూడా అరిగిందనుకోవాలి. పాత చక్రం మీద కొత్త గొలుసు వేస్తే రెండూ పాడవుతాయి.

క్లచ్ విప్పడంలో పొరపాటు చేయకూడని చోటు దాని మర. చాలా మోడళ్లలో అది ఎదురు మర, ఇక్కడి మిస్త్రీలు ఉల్టీ చూడీ అంటారు. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది. చాలా క్లచ్‌ల మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. ఇంజను చల్లారాక, ప్లగ్గు తీసి, పిస్టన్‌ను ఆపడానికి ప్లాస్టిక్ స్టాపరు గానీ నైలాన్ తాడు గానీ పెట్టాలి. పిస్టన్ ఎగ్జాస్ట్ దారిని మూసే దాకా పైకి వచ్చాకే తాడు దూర్చాలి, లేకపోతే దాని కొస ఆ దారిలో ఇరుక్కుంటుంది. ఉలీ సుత్తీ పెట్టి కొడితే షూలు చిట్లుతాయి. తిరిగి బిగించేటప్పుడు బేరింగుకు వేడిని తట్టుకునే గ్రీజు కొద్దిగా రాయాలి, షూలకు మాత్రం అంటకూడదు. నూనెలో నానిన పొట్టు కవరు కింద అట్టకట్టి ఉంటే గీకి తీయాలి, వేడి దగ్గర అది నిప్పంటుకునే సరుకు.

తెగని వాదాలు

నూనె పాలు మీద మిస్త్రీకొక మాట ఉంటుంది. స్కూటర్ల రోజుల నుంచి వచ్చిన అలవాటుతో కొందరు లీటరుకు 40 మిల్లీలీటర్లు అంటారు, కొందరు 20 చాలంటారు. రెండూ సరైనవే, తేడా నూనె రకంలో ఉంది. స్టిల్ మాన్యువల్ తమ నూనెకు 50కి 1, ఇతర టీసీ తరగతి నూనెలకు 25కి 1 చెబుతుంది. అంటే 5 లీటర్లకు 100 లేదా 200 మిల్లీలీటర్లు. ఎండలు ఎక్కువని ఇంకాస్త పోయడం మాత్రం తప్పు. నూనె పెరిగినంత మేర పెట్రోలు తగ్గి మిశ్రమం పలచనవుతుంది, ఎగ్జాస్ట్‌లో మసి పేరుకుంటుంది.

దాచేటప్పుడు ట్యాంకు నింపాలా, ఖాళీ చేయాలా అన్నది రెండో వాదం. నింపితే గాలి తగలదు, తుప్పు పట్టదన్నది ఇనప ట్యాంకుల మోటారు సైకిలుకు చెల్లే మాట. ప్లాస్టిక్ ట్యాంకు, డయాఫ్రమ్ కార్బురేటర్ ఉన్న రంపానికి ఈ20తో అది చెల్లదు. ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను ఆరిపోయే దాకా ఐడిల్‌లో నడిపితే పొరలు అతుక్కోవు.

మూడోది, కిట్టా, కొత్త కార్బురేటరా? ఆన్‌లైన్‌లో చవకగా దొరికే 58 సీసీ యంత్రాల నకలు కార్బురేటర్లు కూడా చవకే కాబట్టి అక్కడ మొత్తం మార్చడం అర్థం చేసుకోదగ్గదే. మంచి యంత్రానికి మాత్రం అసలు కార్బురేటర్ బాడీని వదులుకోవడం నష్టం. లోపల తెల్లటి తుప్పు పేరుకుపోతే తప్ప కిట్టు చాలు. క్లచ్ స్ప్రింగుల దగ్గర చవక సరుకు జోలికి పోకూడదు. అక్కడ తేడా వస్తే తిరిగే గొలుసు మనిషి కాలి పక్కనే ఉంటుంది.

బ్యాటరీ రంపాలకు పెట్రోలూ లేదు, పెట్రోలు ఇంజను క్లచ్ కూడా లేదు. కొమ్మలు కొట్టడానికి, ఇళ్ల మధ్య పనికి అవి బాగా పనికొస్తాయి. కరెంటు లేని కూపులో రోజంతా సాల్ దుంగలు కోయాలంటే పెట్రోలు రంపమే ఇప్పటికీ ఆధారం. అందుకే దాని మరమ్మతు విద్య తీరిపోయిన అవసరం కాదు.

రాయ్‌పూర్‌లో ఏడాదికి సరిపడే క్రమం

మే నెలాఖరులో చివరి పని అయ్యాక ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయాలి. క్లచ్ కవరు విప్పి పొట్టు తీసి, డ్రమ్ము రంగు చూసి, బేరింగుకు గ్రీజు పెట్టి పొడి చోట ఉంచాలి. ఆంధీ రోజుల్లోనూ వానల్లోనూ అత్యవసరానికి ఒక రంపం సిద్ధంగా ఉండాలంటే, నెలకోసారి తాజా పెట్రోలుతో పది నిమిషాలు నడిపి మళ్లీ ఖాళీ చేయాలి. అక్టోబరులో ఫిల్టరు, గొట్టం, ప్లగ్గు చూసి గొలుసు పదును పెట్టాలి. చలి మొదలయ్యాక పొద్దుటి పూట మరలు సర్దాలి.

ఇందులో పెద్ద ఖర్చు ఏదీ లేదు. లోటు ఉన్నది చెప్పేవాళ్ల దగ్గర. యంత్రంతో వచ్చే మాన్యువల్ దాన్ని మోసే కూలీకి అందదు, అందినా అతని భాషలో ఉండదు. యంత్రాలు కొని పనివాళ్లకు ఇచ్చే శాఖలు, పంచాయతీలు, కాంట్రాక్టర్లు రంపంతో పాటు హెల్మెట్టూ రక్షణ ప్యాంటూ ఇవ్వడం ఎంత అవసరమో, హిందీలోనో తెలుగులోనో ఒక పేజీ సూచనలూ, తేదీ రాసే పెట్రోలు డబ్బా ఇవ్వడమూ అంతే అవసరం. ఐడిల్‌లో తిరిగే గొలుసును చూసి పని ఆపే అధికారం ఆ కూలీకి ఉండాలి. ఆ ఒక్క నియమం అమలైతే చాలు, పెట్రోలు లోపమూ క్లచ్ లోపమూ ప్రమాదం దాకా రాకముందే బయటపడతాయి.